జిరాక్స్‌లో మసకబారని వర్క్‌షీట్ తయారుచేసుకోవడం ఎలా?

"షీటు ఫోన్‌లో చక్కగా ఉంది సార్, జిరాక్స్ తీయిస్తే సగం కనిపించడం లేదు." స్కూల్ కాంప్లెక్స్ మీటింగుకు (చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసేది) వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ మాట అంటారు. విడివిడిగా చెప్పి చెప్పి, చివరికి అంతా ఒకచోట రాసేస్తే పోతుందనిపించింది.

తప్పంతా మెషీన్‌దే అనుకుంటాం. కొంత నిజమే. కానీ ఆ మెషీన్ ఎలా ఉంటుందో మనకు ముందే తెలుసు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క జిరాక్స్ షాపులో, టోనర్ అయిపోవస్తున్న రోజున, వెనక బెంచీ పిల్లాడి చేతికి వచ్చిన కాపీ ఎలా ఉంటుందో, అదే మీ అసలు షీటు. దాన్ని మనసులో పెట్టుకుని మొదలుపెడితే సగం తిప్పలు తప్పుతాయి. కింద చెప్పేది ముఖ్యంగా 1 నుంచి 5 తరగతుల వాళ్ల కోసం. హైస్కూలు వాళ్లకు పనికొచ్చేవి మధ్యలో చెబుతాను.

కావలసినవి

తెల్ల ఏ4 కాగితాలు (మాస్టర్ కాపీకి, అంటే జిరాక్స్‌కు ఇచ్చే మూల కాగితానికి, 75 జీఎస్ఎం అయితే మంచిది; జీఎస్ఎం అంటే కాగితం బరువు కొలత), నల్ల జెల్ పెన్ను, కాస్త లావు గీతకు నల్ల స్కెచ్ పెన్ను, హెచ్‌బీ పెన్సిలు, రబ్బరు, 30 సెంటీమీటర్ల స్కేలు, గమ్, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ఫోల్డర్లు. కంప్యూటర్‌లో చేసేవాళ్లకు గూగుల్ డాక్స్ గానీ లిబ్రె ఆఫీస్ గానీ చాలు, రెండూ ఉచితమే. నీలం బాల్‌పెన్నుతో మాస్టర్ రాయకండి. జిరాక్స్‌లో నీలం పలచబడుతుంది.

1. ముందు పని తేల్చుకోండి, తర్వాత కాగితం ముట్టుకోండి

ఒక షీటుకు ఒకే పని. "ఒత్తు పదాలు చదివి బొమ్మతో జతపరచడం" అనుకుంటే అదొక్కటే. కాగితం మిగిలింది కదా అని కింద రెండు కూడికలు, పక్కన ఒక పొడుపుకథ పెట్టకండి. రెండో తరగతికి ఒక పేజీలో 6 నుంచి 8 ప్రశ్నలు దాటితే పిల్లలు వెతుక్కోవడంలోనే అలిసిపోతారు. ఐదో తరగతికి 10 వరకు సరిపోతాయి.

2. చేత్తోనా, కంప్యూటర్‌లోనా?

ఒకటి, రెండు తరగతులకు చేత్తో రాసిన షీటే నాకు ఇష్టం. మీరు బోర్డు మీద రాసే అక్షరమే కాగితం మీదా కనబడుతుంది. త్వరగా అవుతుంది, ఫాంటు గొడవ ఉండదు. మీ దస్తూరీ బాగోదనుకుంటే పెన్సిలుతో రెండు గీతలు కొట్టుకుని వాటి మధ్య రాయండి. సిరా ఆరాక గీతలు చెరిపేయండి.

కంప్యూటర్‌లో చేస్తే ఫాంటు దగ్గర జాగ్రత్త. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లలో టైపు చేస్తారు. ఆ ఫైలు వేరే కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంకాని ఇంగ్లీషు గుర్తుల కుప్ప కనిపిస్తుంది. వచ్చే ఏడాది ఒక్క పదం మార్చాలన్నా మళ్లీ అదే సెంటరుకు పరిగెత్తాలి. యూనికోడ్‌లోనే (ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి) టైపు చేయించుకోండి. పిల్లలు చదివే వాక్యాలకు నోటో సాన్స్ తెలుగు, మండలి, హింద్ గుంటూరు లాంటి శుభ్రమైన ఫాంట్లు సరిపోతాయి. రామభద్ర, బాలూ తమ్ముడు లాంటి లావు ఫాంట్లను శీర్షికకే ఉంచండి. వాటితో వాక్యాలు రాస్తే అక్షరాల్లోని ఖాళీలు పూడుకుపోతాయి.

3. పేజీ చట్రం గీసుకోండి

నాలుగు వైపులా 15 మిల్లీమీటర్లు వదలండి. అంచు దాకా రాస్తే మెషీన్ ఆ చివర తినేస్తుంది. ఎడమవైపు 25 వదిలితే ఫైలుకు పంచ్ చేసుకోవచ్చు. పైన ఒకే వరుసలో పేరు, తరగతి, తేదీ. కింద కుడి మూలన చిన్నగా ఒక నంబరు వేయండి. నేను "2-తె-07" అని రాస్తాను: రెండో తరగతి, తెలుగు, ఏడో షీటు. మాస్టర్లు వంద దాటాక ఈ నంబరే దిక్కు.

చుట్టూ పూల బోర్డర్ వద్దు. చూడముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ అది జాగా తింటుంది, టోనర్ తింటుంది, పైగా కాగితం ఏమాత్రం వంకరగా పెట్టినా ఆ వంకర కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

4. అక్షరం సైజు, వరుసల మధ్య దూరం

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

పాయింట్ల లెక్క నమ్మకండి. ఒకే 18 పాయింట్లు ఒక ఫాంటులో పెద్దగా, ఇంకోదానిలో చిన్నగా ఉంటాయి. ఒక ప్రింటు తీసి, "క" అక్షరం ఎత్తును స్కేలుతో కొలవండి. ఒకటి, రెండు తరగతులకు 5 మిల్లీమీటర్లు తగ్గకూడదు. మూడు నుంచి ఐదుకు 4, హైస్కూలుకు 3. ఇది నేను వాడే లెక్క. మీ పిల్లల్ని చూసి కాస్త అటూ ఇటూ మార్చుకోండి.

తెలుగు వరుసకు పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. ఇంగ్లీషుకు సరిపోయే దూరం మనకు చాలదు. లైన్ స్పేసింగ్ కనీసం ఒకటిన్నర పెట్టండి. వర్డ్‌లో "ఎగ్జాక్ట్‌లీ", లిబ్రె ఆఫీస్‌లో "ఫిక్స్‌డ్" అనే ఆప్షన్ జోలికి వెళ్లొద్దు. అది వరుస ఎత్తును బిగించేస్తుంది, పై గుళ్లో కింది ఒత్తులో తెగిపోతాయి. "స్త్రీ", "రాష్ట్రం", "వస్త్రం" లాంటి పదాలు టైపు చేసి చూడండి, తెలిసిపోతుంది.

అండర్‌లైన్ అసలు వద్దు. ఆ గీత సరిగ్గా ఒత్తుల మీదుగా పోతుంది. "అమ్మ" కింద గీత కొడితే మ వత్తు గీతలో కలిసిపోతుంది. మొదటి తరగతి పిల్లాడు దాన్ని "అమ" అని చదివితే తప్పు వాడిది కాదు. ఒక పదాన్ని ఎత్తి చూపాలంటే చుట్టూ డబ్బా గీయండి, లేదా రెండు పాయింట్లు పెద్దది చేయండి. ఇటాలిక్ కూడా ఇంగ్లీషు అలవాటే. తెలుగులో అది అక్షరాన్ని పడగొట్టినట్టు ఉంటుంది తప్ప ప్రయోజనం లేదు.

వెనకటి సైక్లోస్టైల్ రోజుల్లో పనిచేసిన పెద్ద మాస్టార్లను అడిగితే ఒక సంగతి చెబుతారు. మైనం స్టెన్సిల్ మీద గుండ్రని అక్షరాన్ని గట్టిగా నొక్కి రాస్తే మధ్య ముక్క ఊడిపోయేది, కాగితం మీద సిరా మచ్చ పడేది. అందుకే వాళ్లు అక్షరాన్ని పెద్దగా, విప్పారేట్టు రాసేవారు. స్టెన్సిల్ పోయింది కానీ మన అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి కదా.

5. పిల్లలు రాసే చోటు

మనం టైపు చేసిన పదం 2 సెంటీమీటర్లు ఉంటే, రెండో తరగతి పిల్లాడు అదే పదం రాయడానికి 5 సెంటీమీటర్లయినా కావాలి. ఖాళీలు అలా కొలిచి పెట్టండి. జవాబు పెద్దదైతే పెద్ద ఖాళీ, చిన్నదైతే చిన్న ఖాళీ పెట్టకండి. పిల్లలు గడుసువాళ్లు, ఖాళీ పొడవు చూసి జవాబు ఊహిస్తారు. అన్నీ ఒకే కొలత.

చుక్కలు టైపు చేసి ఖాళీ చూపించడం మనందరి అలవాటు. రెండు కాపీలు అయ్యేసరికి ఆ చుక్కలు సగం మాయమవుతాయి. గట్టి గీతే వేయండి. రెండు రాత గీతల మధ్య చిన్న తరగతులకు 15 మిల్లీమీటర్లు, పెద్ద వాళ్లకు 10 ఉండాలి. లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడి మీద కూర్చుంటుంది. చిన్న తరగతులకు ఖాళీ వాక్యం చివర వస్తే మేలు. మధ్యలో వస్తే వాళ్లు అక్కడే ఆగిపోతారు, మిగతా వాక్యం చదవరు.

జతపరచడానికి ఇచ్చేటప్పుడు రెండు వరుసల మధ్య 6 సెంటీమీటర్లు వదలండి. ప్రతి పదం పక్కన ఒక లావు చుక్క పెట్టండి, గీత ఎక్కడి నుంచి ఎక్కడికి గీయాలో తెలుస్తుంది. ఐదు జతలు చాలు. ఎనిమిది పెడితే గీతలు చిక్కుపడి, దిద్దేటప్పుడు మీకే తల తిరుగుతుంది.

అక్షరాలు దిద్దించే షీటు సంగతి తరచూ అడుగుతుంటారు. లేత బూడిద రంగులో అక్షరం పెట్టి దాని మీద దిద్దమంటే, కాపీలో ఆ బూడిద అయితే మాయమవుతుంది, కాకుంటే నల్లగా మారుతుంది. రెండు దారులున్నాయి. కంప్యూటర్‌లో అయితే లిబ్రె ఆఫీస్‌లో అక్షరాన్ని 72 పాయింట్లు చేసి అవుట్‌లైన్ ఎఫెక్ట్ ఇవ్వండి. అక్షరం బోలుగా వస్తుంది, పిల్లలు లోపల దిద్దుతారు. చేత్తో అయితే ముందు పెన్సిలుతో పెద్దగా అక్షరం రాసుకుని, ఆ గీత వెంట స్కెచ్ పెన్నుతో లావు చుక్కలు పెట్టి, పెన్సిలు చెరిపేయండి. ఎక్కడ మొదలుపెట్టాలో ఒక చిన్న బాణం గుర్తు వేయండి.

6. బొమ్మలు

ఒకసారి "బొమ్మ చూసి పేరు రాయండి" అని గేదె ఫోటో పెట్టాను. నెట్‌లో దొరికిన మంచి ఫోటో, చెరువులో గేదె. కాపీలో అది నల్ల ముద్ద. ఇద్దరు "కొండ" అని రాశారు. ఒక అమ్మాయి "మబ్బు" అని రాసింది. మార్కు ఇవ్వక తప్పలేదు.

ఫోటో వద్దు, గీత బొమ్మ కావాలి. బొమ్మలు వేయడం రాదా? ఫోటో ప్రింటు తీసి, దాని మీద తెల్ల కాగితం పెట్టి, రెండింటినీ పగటి పూట కిటికీ అద్దానికి ఆనించండి. వెలుతురుకు కింది బొమ్మ కనిపిస్తుంది. బయటి గీత, కళ్లు, కొమ్ములు, తోక, అంతవరకే పెన్సిలుతో దించి, తర్వాత నల్ల పెన్నుతో దిద్దండి. గీత సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉండాలి. లోపల నీడలు, రంగులు నింపొద్దు.

"ఎర్ర బంతికి సున్నా చుట్టండి" అని నలుపు తెలుపు షీటులో అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. నవ్వకండి, మాస్టర్ రంగుల్లో తయారుచేసినప్పుడు ఎవరికైనా జరుగుతుంది. రంగుకు బదులు గళ్లు, చారలు, చుక్కలు వాడండి: "చారల బంతికి సున్నా చుట్టండి."

ఇంకో చిక్కు మన భాషదే. సొరకాయ బొమ్మ వేసి "సొ" కోసం చూస్తే కోస్తా పిల్లలు "ఆనపకాయ" అని రాస్తారు. అది తప్పెలా అవుతుంది? మొదటి అక్షరం గుర్తించే పనికి ఎక్కడైనా ఒకే పేరున్న బొమ్మలు తీసుకోండి: ఆవు, ఇల్లు, పలక, చెట్టు. రెండు పేర్లున్నవి మాట్లాడించే పాఠానికి ఉంచుకోండి, అక్కడ అవి బంగారం.

7. సూచన ఒక్క వాక్యంలో

"కింద ఇవ్వబడిన పదాలను జాగ్రత్తగా పరిశీలించి సరైన వాటిని ఎన్నుకొని ఖాళీలలో పూరింపుము" అని రాస్తే చదివేలోపు గంట కొడతారు. "సరైన పదం ఖాళీలో రాయండి" చాలు. మొదటి ప్రశ్న మీరే చేసి చూపించండి. ఆ ఒక్క ఉదాహరణ నాలుగు వాక్యాల సూచన కన్నా బాగా పనిచేస్తుంది. సున్నా చుట్టడం, గీత కలపడం, రాయడం, ఈ మూడింటికీ మూడు చిన్న గుర్తులు పెట్టుకుని ఏడాది పొడవునా అవే వాడండి.

8. మాస్టర్‌ను కాపాడుకోండి

మాస్టర్ అంటే పిల్లల చేతికి ఎప్పుడూ వెళ్లని కాగితం. దాన్ని ఫోల్డర్‌లో పెట్టండి. జిరాక్స్ ఎప్పుడూ మాస్టర్ నుంచే, కాపీ నుంచి కాపీ తీయించొద్దు. ప్రతి తరానికీ అక్షరం లావెక్కుతుంది, మచ్చలు పెరుగుతాయి.

తప్పు పడితే వైట్‌నర్ దట్టంగా పూయకండి, పొలుసులా లేచి నీడ పడుతుంది. చిన్న తెల్ల కాగితం ముక్క మీద సరైన పదం రాసి, నాలుగు అంచులా గమ్ పెట్టి అంటించండి. కాపీలో అంచు గీతలా పడితే, ఆ గీత వెంట మాత్రం పలచగా వైట్‌నర్ రాయండి. ఇంక్‌జెట్ ప్రింటరుతో తీసిన మాస్టర్‌కు తడి చెయ్యి తగలనివ్వొద్దు. వీలైతే మాస్టర్ లేజర్ ప్రింటులో తీయించండి.

9. జిరాక్స్ షాపులో

ముందు ఒక్క కాపీ అడగండి. 40 ఒకేసారి చెప్పకండి. ప్రతి కాపీలో ఒకేచోట చుక్క పడుతుంటే చాలాసార్లు మెషీన్ అద్దం మీద మరక ఉందన్నమాట. తుడవమని మర్యాదగా అడిగితే తుడుస్తారు. బ్యాక్‌గ్రౌండ్ బూడిదగా వస్తే డార్క్ తగ్గించమనండి. అక్షరం పలచగా ఉంటే పెంచమనండి. పీడీఎఫ్ నుంచి ప్రింటు అయితే "ఫిట్" కాకుండా 100 శాతం సైజులో తీయమని చెప్పండి. లేకపోతే మీరు కొలిచి పెట్టిన గీతలు కుంచించుకుపోతాయి. స్కేలుతో కొలిచే లెక్కలున్న షీటులో అయితే జవాబులే మారిపోతాయి.

డబ్బు ఆదా కావాలంటే ఏ4 కాగితంలో రెండు షీట్లు వచ్చేట్టు తీయించి మధ్యకు కత్తిరించవచ్చు. ఒక వైపుకు రెండు రూపాయలనుకుంటే 40 మందికి 80 రూపాయల పని 40తో అవుతుంది. కానీ ఏ4 సైజు మాస్టర్‌ను సగానికి తగ్గించాలంటే 71 శాతానికి కుదించాలి. 5 మిల్లీమీటర్ల అక్షరం మూడున్నర అవుతుంది. చిన్న పిల్లలకు ఇది పనికిరాదు. కాబట్టి మొదటి నుంచే సగం పేజీ కొలతలో, ప్రశ్నలు సగం తగ్గించి తయారుచేసుకోండి. రెండో మూడో తరగతి దాకా నాకు సగం షీటే నచ్చుతుంది, పిల్లలకు "అయిపోయింది" అనే సంతోషం త్వరగా దొరుకుతుంది.

రెండు వైపులా తీయిస్తే వెనకవైపు తలకిందులు కాకుండా చూసుకోండి. పలచటి కాగితమైతే వెనక అక్షరాలు ఇటు కనిపిస్తాయి. స్కెచ్ పెన్నులు వాడే షీటయితే ఒకే వైపు చాలు.

తోటి టీచరుకు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటో తీసి పంపకండి. ఫోటోలో చేతి నీడ పడుతుంది, వాట్సాప్ దాన్ని కుదించి ఇంకా మసక చేస్తుంది. గూగుల్ డ్రైవ్ యాప్‌లో స్కాన్ ఉంటుంది. దానితో నలుపు తెలుపులో స్కాన్ చేసి, పీడీఎఫ్‌ను డాక్యుమెంట్‌గా పంపండి.

జిరాక్స్ అందుబాటులో లేకపోతే

కరెంటు లేని రోజులు, షాపు మూసిన రోజులు ఉంటాయి. ఐదు మాస్టర్లు ఫోల్డర్లలో పెట్టి, పైన వైట్‌బోర్డ్ మార్కరుతో రాయించి, పొడి గుడ్డతో తుడిపించండి. గుంపులవారీగా తిరిగి వాడుకోవచ్చు. పది మందే ఉంటే కార్బన్ పేపరు పెట్టి బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే మూడు కాపీల దాకా బాగా వస్తాయి. మరీ కాకుంటే షీటునే బోర్డు మీద గీసేయండి. చట్రం సరిగ్గా ఉంటే పిల్లలు నోటుబుక్కులో దించుకుంటారు.

ఎలా పరీక్షించాలి

మూడో తరం పరీక్ష. ఇది మాత్రం కాపీకి కాపీ. మాస్టర్‌కు ఒక కాపీ, ఆ కాపీకి ఇంకో కాపీ, దానికి మరొకటి తీయించండి. ఇందులో "ధ"కు "థ"కు తేడా తెలుస్తోందా? "ర"కు "ఠ"కు? రెండు జతల్లోనూ తేడా మధ్యలో ఉన్న ఒక్క చుక్కే. "ప", "ఫ" కూడా చూడండి, అక్కడ కింది గీత. ఇవి నిలబడితే మిగతావి నిలబడతాయి. నిలబడకపోతే అక్షరం సైజు పెంచాలి, ఫాంటు బరువు (గీత మందం) తగ్గించాలి.

నేల పరీక్ష. షీటును నేల మీద పెట్టి నిలబడి చూడండి. చదవక్కర్లేదు. ఎక్కడ మొదలవుతుందో, ఎన్ని భాగాలున్నాయో, ఎక్కడ రాయాలో కనిపించాలి. అంతా ఒకే నల్ల చాపలా కనిపిస్తే రెండు ప్రశ్నలు తీసేయండి.

ఎడమచేతి పరీక్ష. కుడిచేతివాటం వాళ్లయితే ఎడమచేత్తో, మొద్దు పెన్సిలు పట్టుకుని జవాబులన్నీ మీరే రాయండి. ఎక్కడ మీ రాత గీత దాటిందో అక్కడ పిల్లాడి రాతా దాటుతుంది.

చివరిది, తరగతిలో నడిమి రకం చదువరిని ఒకరిని పిలిచి షీటు చేతికివ్వండి, ఏమీ చెప్పకండి. వాళ్ల మొహం వైపు కాదు, పెన్సిలు మొన వైపు చూడండి. అది ఎక్కడ ఆగి గాలిలో తిరిగిందో ఆ చోటు మాస్టర్ వెనక పెన్సిలుతో రాసుకోండి. నా "2-తె-07" వెనక ఇప్పటికి నాలుగు వరుసలున్నాయి. మొదటిది: "మూడో ప్రశ్న దగ్గర అందరూ 'సార్' అన్నారు."